పిన్ని ఎడమ చెయ్యి

పొద్దున్నే వర్క్‌షాపు తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే టెస్టింగు పిన్ని చేసే మొదటి పని, కొక్కేనికి వేలాడుతున్న నీలం కోటు తొడుక్కుని ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవడం. ఇక సాయంత్రం తాళం వేసేదాకా ఆ చెయ్యి జేబులోనే. కిటికీలు తెరవడం, బల్లల మీద దుమ్ము దులపడం, కింద రబ్బరు పట్టాలు పరవడం, అన్నీ కుడిచేత్తోనే. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలు ఆ వైభవం చూసి, మహారాణిగారు షికారుకు బయలుదేరారని చెవులు కొరుక్కునేవాళ్ళు. నాలుగు రోజులు పోయాక వాళ్ళ ఎడమ చేతులు కూడా జేబుల్లోకి చేరేవి.

ఆ వర్క్‌షాపులో ఎవరికైనా చెప్పే మొదటి పాఠం అదే. కరెంటున్న చోట రెండు చేతులూ పెట్టకూడదు. ఒక చేత్తో ముట్టుకుంటే బతికి బట్టకట్టే వీలుంది. రెండు చేతులూ తగిలాయో, కరెంటు ఒక చేతిలో దూరి రెండో చేతిలోంచి బయటపడుతుంది, మధ్యలో దారి గుండె మీదుగానే.

అక్కడ తయారయ్యేవి బ్యాటరీ బళ్ళకు ఛార్జి పెట్టే డబ్బాలు. పొడుగాటి గది. గుమ్మం వైపు బల్లల దగ్గర ఆడవాళ్ళు వరసగా కూర్చుని బోర్డుల మీద సీసంతో అతుకులు వేసేవాళ్ళు. మధ్యలో కాయిళ్ళు చుట్టే మిషను, అది తిరుగుతుంటే పక్క మనిషితో కూడా సైగలతోనే మాట్లాడాలి. చివర, కిటికీ కింద, ఎర్ర దీపం ఉన్న టెస్టింగు బల్ల. ఎర్ర దీపం వెలిగిందంటే ఆ బల్ల మీద కరెంటుందని, ఎవరూ దగ్గరికి రాకూడదని అర్థం. ఆ బల్ల పిన్నిది.

పిన్ని చేతి సంగతి ఇంకొకటి ఉంది. మూత తెరిచిన కరెంటు ఏదైనా చేతికందేంత దూరంలో ఉంటే, ఆమె ఎడమ చెయ్యి మణికట్టు దాకా మాయమైపోయేది. నొప్పీ లేదు, గాయమూ లేదు. కోటు చేతి చివర ఏమీ ఉండేది కాదు, జేబు ఖాళీగా అణిగిపోయేది. స్విచ్చి కట్టేసి, డబ్బా కడుపులో మిగిలిన కరెంటు కూడా పోయాక చెయ్యి తిరిగొచ్చేది. దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. కొందరికి మబ్బు పడితే మోకాళ్ళు నొప్పి పుడతాయి, పిన్నికి కరెంటుంటే చెయ్యి పోతుంది, అంతే. వీధిలోవాళ్ళు, "పిన్నీ, మా నీళ్ళ హీటరు ఒకసారి చూసిపెట్టవూ" అని తీసుకెళ్ళి స్నానాల గది గుమ్మంలో నిలబెట్టేవాళ్ళు. చెయ్యి పోతే మెకానిక్కుకు ఫోను. పోకపోతే పిన్నికి టీ.

వర్క్‌షాపులోనైతే అది అలవాటుగానే మారిపోయింది. డబ్బా విప్పి లోపల చెయ్యి పెట్టే ముందు ఎవరైనా సరే తల తిప్పి, "పిన్నీ, చెయ్యుందా?" అని కేకేసేవాళ్ళు. ఆమె లేచి వాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తేది. అయిదు వేళ్ళూ కనబడితే నిశ్చింతగా పని మొదలు. ఇంత హాయిగా ఉన్నాక మీటర్లెవరికి కావాలి? అవి అరలో పడి దుమ్ము కొట్టుకుపోయేవి. డబ్బాలో నిలవున్న కరెంటును దించడానికి రెండు తీగలు కట్టిన బల్బు ఒకటుండేది. తీగలు తగిలిస్తే బల్బు గుప్పున వెలిగి, నీరసించి, ఆరిపోతుంది. ఆరిపోయిందంటే డబ్బా ఖాళీ. ఆ బల్బును కూడా పిన్ని తప్ప ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు.

"నా చెయ్యి చూసి మీరు చెడిపోతున్నారే" అనేది పిన్ని.

"నువ్వుండగా మాకేం భయం?" అనేది అతుకులు వేసే బల్ల దగ్గర పెద్దదిక్కయిన కళ్ళజోడత్త. ఆ మాట వినగానే పిన్నికి భయం వేసేది.

ఆమెకు ఎప్పుడూ భయమే. టెస్టింగు బల్ల దగ్గరి ఆ కుర్చీలో అంతకు ముందు కూర్చున్నది ఆమె భర్త. కూతురు పిచ్చుక అప్పటికి చంకలో పిల్ల, అడుగులు కూడా పడలేదు. ఒకరోజు ఆయన స్విచ్చి కట్టేసిన డబ్బాలోంచి బోర్డు తీయబోయాడు. ప్లగ్గు ఊడదీసే ఉంది. కానీ ఆ డబ్బాల్లో కండెన్సర్లని లావుపాటి గొట్టాలుంటాయి, గోడలోంచి వచ్చే కరెంటు ఆగిపోయినా అవి మింగిన కరెంటును అట్టే పెట్టుకుంటాయి. దాన్ని మెల్లగా కార్చేసే చిన్న ముక్క ఒకటి పక్కనే ఉండాలి. ఆ రోజు దాని అతుకు ఊడిపోయి ఉంది. బోర్డు బిగుసుకుందని ఆయన రెండో చెయ్యి కూడా జేబులోంచి తీశాడు. అంతే.

తరవాత ఆ కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. వర్క్‌షాపు యజమాని ఆయన అన్నగారే, పిన్నికి బావగారు. ఆ కుర్చీ తీసి పారేస్తానన్నాడు బావగారు. "తీయొద్దు బావగారూ, నేను కూర్చుంటాను" అంది పిన్ని. పెళ్ళికి ముందు ఆమె కూడా రేడియోలు బాగుచేసిన మనిషే. మొదటిరోజు కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, ఎర్ర దీపం వెలిగించింది. ఎడమ చేతికి ఏదో చల్లగా తగిలింది. చూస్తే చెయ్యి లేదు. లేదు కానీ, ఎక్కడో ఉంది. ఎక్కడో ఉన్న ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు.

అరిచింది. షాకు కొట్టిందనుకుని అందరూ పరిగెత్తుకొచ్చారు. ఆమె ఏమీ చెప్పలేదు. ఎందుకంటే ఆ పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆమెకు తెలిసిపోయింది. చూపుడువేలి పక్కన గరుకుగా కాలిన మచ్చ, కాపురానికొచ్చిన కొత్తలో తనతో కబుర్లు చెబుతూ వేడి అతుకు కడ్డీని పొరపాటున పట్టుకుని ఆయన కాల్చుకున్నది. ఆ మచ్చ ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఈ సంగతి ఆమె బావగారికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. చెయ్యి మాయం కావడం జనానికి పట్టదు గానీ, అది ఎక్కడికి పోతోందో చెబితే మర్నాటి నుంచి టీలు ఆగిపోతాయని ఆమెకు తెలుసు. రోజూ పని ఉన్నంతసేపూ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చునేది. అందులో ఓదార్పు ఉందనుకుంటే పొరపాటు. ఆ చెయ్యి చల్లగా ఉండేది, వణుకుతుండేది. ఆయన అక్కడ కూడా భయపడుతూనే ఉన్నాడు. ఆ భయం వేళ్ళలోంచి ఆమెకెక్కేది. ఏదో ఒకరోజు ఆ చెయ్యి వదలకపోతే తన గతేమిటని ఒక భయం. ఏదో ఒకరోజు తను పెట్టిన చెయ్యిని ఎవరూ పట్టుకోకపోతే ఎలాగని ఇంకో భయం. రెండిట్లో ఏది పెద్దదో ఆమె ఎన్నడూ తేల్చుకోలేకపోయింది.

పిచ్చుక పెద్దదైంది. ఒకచోట నిలవని పిల్ల కనుక చిన్నప్పుడు తగిలించిన పేరు, కాలేజీకి వెళ్ళినా ఊడలేదు. పట్టుబట్టి ఎలక్ట్రానిక్సే చదివింది. చదువు పూర్తయిన రోజునే ఇంటికొచ్చి, "అమ్మా, నేనూ టెస్టింగులో కూర్చుంటా" అంది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న పిన్ని చేతులు ఆగిపోయాయి.

"లోకంలో ఇంకే పనీ లేదా నీకు?"

"వచ్చిన పని ఇదే. పైగా పెదనాన్న ఒప్పుకున్నాడు."

బావగారు ఒప్పుకోవడమేమిటి, ఎగిరి గంతేశాడు. బస్సుల బ్యాటరీలకు ఛార్జి పెట్టే పెద్ద డబ్బా ఒకటి తయారు చేయాలని ఆయన ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడు. బీరువా అంత డబ్బా, లోపల చెంబులంత కండెన్సర్లు. "పిల్ల చేతిలో పెడదామమ్మా, చదువుకున్నది" అన్నాడు. పిన్ని ఏమనగలదు? గుమ్మం పక్కన, పిన్ని బల్లకు గది పొడవంత దూరంలో, పిచ్చుకకు కొత్త బల్ల వేశారు. ఎర్ర దీపం పెట్టారు. కొత్త నీలం కోటు కుట్టించారు. దాని ఎడమ జేబును పిన్ని తన చేత్తో ఇంకొంచెం లోతుగా కుట్టింది. కుడుతున్నంతసేపూ సూది వేలికి గుచ్చుకుంటూనే ఉంది.

ఇక ఇంట్లో పాఠాలు మొదలయ్యాయి. పిచ్చుక అన్నం తింటుంటే, జడ వేసుకుంటుంటే, చెప్పులు తొడుక్కుంటుంటే పిన్ని పక్కనే నిలబడి అడిగేది.

"మొదట ఏం చేస్తావ్?"

"స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకుతా. పీకిన ప్లగ్గు నా కళ్ళముందే పెట్టుకుంటా."

"తరవాత?"

"బల్బు తగిలిస్తా. వెలిగి ఆరిపోయేదాకా పట్టుకుంటా."

"అంతకు ముందు?"

"అంతకు ముందు ఏముందమ్మా?"

"బల్బును చూడాలి! అది వెలిగే బల్బో కాదో ముందు గోడకున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. వెలగని బల్బు డబ్బా ఖాళీ అనీ చెబుతుంది, నేనే పోయాననీ చెబుతుంది. ఏది చెబుతోందో నీకెలా తెలుస్తుందే?"

"సరే, చూస్తా. బల్బును చూస్తా, ప్లగ్గును చూస్తా, నిన్ను చూస్తా. ఇక అన్నం తిననిస్తావా?"

పిన్ని పోరు ఇంతింత కాదు. తనను చూసి తనకే విసుగు పుట్టేది. కానీ ఆపలేకపోయేది, ఎందుకంటే ఆ రోజుల్లోనే అవతలి పట్టు మారింది. పిచ్చుకకు బల్ల వేసిన రోజు నుంచి, మాయమైన చేతిని ఆ చెయ్యి నెమ్మదిగా ఉండనివ్వడం లేదు. లాగుతోంది. వేళ్ళు మెలితిరుగుతున్నాయి. డబ్బా చల్లారాక, కరెంటు పూర్తిగా పోయాక కూడా తన చెయ్యి తొందరగా తిరిగి రావడం లేదు. బల్బు ఆరిపోయి చాలాసేపైనా కోటు చేతి చివర ఖాళీగానే ఉండేది. పిన్ని గోడవైపు తిరిగి ఎవరికీ కనబడకుండా నిలబడేది. తీసుకుపోతున్నాడు, అనుకునేది. ఇన్నాళ్ళూ పట్టుకుని ఊరుకున్నాడు, ఇప్పుడు నన్ను లాక్కుపోతున్నాడు. పిల్ల కుర్చీలో కూర్చోగానే నాతో పని తీరిపోయిందా? "ఇంకొన్నాళ్ళు ఆగు, దాన్ని ఒక దారికి తెచ్చాక వస్తాను" అని గోడతో గొణిగేది. అని, ఆ చేతిని మరింత గట్టిగా పట్టుకునేది.

పెద్ద డబ్బాకు మొదటిసారి కరెంటు పెట్టే రోజు పొద్దున తల్లీకూతుళ్ళకు పెద్ద గొడవే అయింది. పిచ్చుక బల్ల సర్దుకుంటోంది. పిన్ని పక్కనే నిలబడి ప్రతి తీగా తడిమి చూస్తోంది.

"ఈ రోజు నేను కూర్చుంటాను, నువ్వు చూడు" అంది పిన్ని.

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"ఇన్నాళ్ళు నేర్పింది ఎందుకు మరి? నీకు నామీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పు, ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటా."

"నమ్మకం కాదే. భయం."

"నీ భయం తినీ తినీ నాకు అరగడం లేదమ్మా!" అని పిచ్చుక చేతిలో ఉన్న బల్బును బల్లమీద ఠక్కున పెట్టింది. గాజు పగల్లేదు. పిన్ని కళ్ళు నిండిపోవడంతో ఇంకేమీ చూసుకోకుండా వెనక్కి తిరిగింది. పిచ్చుక పిలుద్దామనుకుని, పంతం కొద్దీ ఊరుకుంది.

పిన్ని తన బల్ల దగ్గరికి వచ్చి చిన్న డబ్బాలు వరసగా పెట్టుకుంది. ఆ రోజు పంపాల్సినవి చాలా ఉన్నాయి. ఎర్ర దీపం వేసింది. ఎడమ చెయ్యి పోయింది. పోవడంతోనే అవతల పెనుగులాట మొదలైంది. మునుపెన్నడూ అంతగా లేదు. ఆ చెయ్యి తన పిడికిట్లో చేపలా కొట్టుకుంటోంది. పిన్నికి ఒళ్ళంతా చెమట పట్టింది. కుడిచేతిలోని మీటరు కడ్డీని బల్లకు ఆనించి పట్టుకుంది.

అవతల పిచ్చుక బల్ల మీద కూడా ఎర్ర దీపం వెలిగింది. బావగారు చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. డబ్బా గుర్రుమంది. ముల్లు ఎక్కాల్సిన చోటికి ఎక్కింది, నిలవాల్సిన చోట నిలిచింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతా బాగానే ఉంది, లోపల ఒక బోల్టు మాత్రం వదులై జరజరమంటోందని పిచ్చుక కనిపెట్టింది. స్విచ్చి కట్టేసింది. ప్లగ్గు పీకి కళ్ళముందు పెట్టుకుంది. బావగారు గండం గడిచిందని ఊపిరి పీల్చుకుని టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. కాయిళ్ళ మిషను మళ్ళీ మొదలైంది.

కళ్ళజోడత్త పిచ్చుక చెవి దగ్గరికి వంగింది. "మీ అమ్మను పిలవనా? చెయ్యుందో లేదో చూసుకుందాం."

"అమ్మ చెయ్యి ఇప్పుడు అక్కడి కరెంటుకు పోయుంటుంది అత్తా. అవన్నీ ఆపించి ఇంత దూరం రప్పించడమెందుకు? బల్బుందిగా."

అన్నది సబబే. బల్బు తీగలు రెండూ ఒక్క కుడిచేత్తోనే పట్టుకుని, నేర్పినట్టే కండెన్సరు కొసలకు తగిలించింది. బల్బు వెలగలేదు. అమ్మయ్య, ఖాళీగానే ఉంది, అనుకుంది. పొద్దున బల్లమీద ఠక్కున పెట్టినప్పుడు లోపలి తీగ తెగిపోయిందని ఆమెకు తెలియదు. బల్బును ముందు పరీక్షించాలన్న పాఠం తెలుసు. కానీ పొద్దున్నుంచీ అమ్మ ఏం చెప్పినా కాదనాలన్నంత కోపంగా ఉంది పిల్లకు, ఆ ఒక్క పాఠమూ ఆ కోపంలో కొట్టుకుపోయింది.

పిన్ని అదే క్షణంలో తలెత్తింది. గది ఆ చివర బల్బు తగలడం చూసింది, వెలగకపోవడం చూసింది. ఇప్పుడే స్విచ్చి కట్టేసిన డబ్బా అది, బీరువా అంత డబ్బా, బల్బు ఒక్కసారైనా గుప్పుమనాలి. అది వెలగనే లేదు. పిచ్చుక బల్బు పక్కన పెట్టి స్పానరు తీసుకుంది. వదులైన బోల్టు బిగుసుకోవడం లేదు కాబోలు, డబ్బా రేకును ఆనించి పట్టుకోవడానికి ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి తీసింది.

"పిచ్చుకా!"

గొంతు చించుకుని అరిచింది. మిషను మోతలో ఆ అరుపు ఆమెకే వినబడలేదు. లేచింది. దారి పొడుగునా బల్లలు, కుర్చీలు, పెట్టెలు. పరిగెత్తినా అందదు.  ఎవరూ ఇటు చూడడం లేదు. అక్కడ పిల్ల చెయ్యి రేకు మీదికి వెళుతోంది. ఇక్కడ మాయమైన చేతిలో ఆయన చెయ్యి పిచ్చెత్తినట్టు గింజుకుంటోంది, లాగుతోంది, లాగుతోంది.

అప్పుడు తెలిసింది పిన్నికి. ఆయన లాగుతున్నది ఆమెను కాదు. తన చేతిని లాక్కుంటున్నాడు. ఇన్ని రోజులుగా వదలమంటున్నాడు, వదలనిది తనే. వేళ్ళు తెల్లబడేలా బిగించి పట్టుకుని, ఆయన లాక్కుపోతున్నాడని ఏడుస్తున్నది తనే.

ఆమెకు ఆ చెయ్యి ఇక దొరకదని తెలుసు. తెలిసే వేళ్ళు విప్పింది.

అరచేతిలోంచి ఏదో జారిపోయింది. ఎదుట బల్లమీద కరెంటు ఉండగానే, ఎర్ర దీపం వెలుగుతుండగానే, జేబులో ఎడమ చెయ్యి బరువుగా వచ్చి పడింది.

గది ఆ చివర పిచ్చుక ఎడమ చెయ్యి మాయమైంది. రేకు మీద ఆనించబోయిన చెయ్యి లేకపోవడంతో పిల్ల తూలింది. పక్కకు ఒరిగి నేల మీద రబ్బరు పట్టా మీద కూలబడింది. కుడిచేతిలోని స్పానరు జారి కండెన్సరు కొసకూ రేకుకూ మధ్య అడ్డంగా పడింది. ఢామ్మని పేలింది. గదంతా ఒక్కసారి నీలంగా మెరిసి, కాలిన వాసన నిండింది. ఎవరో మిషను ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో పిన్ని కూతురి దగ్గరికి ఎలా చేరిందో ఆమెకు గుర్తులేదు. దారిలో ఒక కుర్చీ పడిపోయిందని తరవాత కళ్ళజోడత్త చెప్పింది. బావగారు గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడిపోయాడు, గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకుని గలగలమంటున్నాయి. స్పానరు మధ్యలో కరిగి గుంట పడింది.

"ముట్టుకోకండి, ఎవరూ ముట్టుకోకండి" అంది పిన్ని. బల్బు తీసి చెవి దగ్గర ఊపింది. లోపల తెగిన తీగ కదిలి సన్నగా చప్పుడైంది. ఆ బల్బును పక్కన పెట్టి, కొత్త బల్బు తెప్పించి, ప్లగ్గులో పెట్టి వెలిగించి చూసి, అప్పుడు కుడిచేత్తో దాన్ని డబ్బాకు తగిలించింది. మిగిలిన కాస్త కరెంటుకే అది ఎర్రగా మినుకుమని ఆరిపోయింది. అందరూ చూశారు. 

పిచ్చుక గోడకానుకుని కూర్చుని ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కోటు ఎడమ చేతి చివర నుంచి వేళ్ళు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే వాటినే చూస్తోంది.

"అమ్మా, బల్బు చూసుకోలేదమ్మా."

"తెలుసు."

"నీమీద కోపంతో చూసుకోలేదు."

"తెలుసులే. దెబ్బ తగిలిందా ఎక్కడైనా?"

పిచ్చుక అడ్డంగా తలూపింది. తరవాత గొంతు తగ్గించి, తల్లికి మాత్రమే వినబడేలా అంది. "ఎవరో పట్టుకున్నారమ్మా నా చెయ్యి."

పిన్ని పక్కనే కూలబడింది. "ఎలా ఉంది?"

"చల్లగా. వణుకుతోంది. ఈ వేలి పక్కన ఏదో గరుకుగా తగిలింది, కాలిన మచ్చలా." పిల్ల కళ్ళు తల్లి ముఖాన్ని వెతికాయి. "నీకు తెలుసా ఎవరో?"

ఇన్నేళ్ళూ దాచిన మాట. 

"మీ నాన్న."

పిచ్చుక తిరిగొచ్చిన చేతిని రెండో చేతిలో పెట్టుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకుంది. "మళ్ళీ వస్తాడా?"

"కరెంటున్న చోట కూర్చుంటే వస్తాడు."

"నాకు భయంగా ఉందమ్మా."

"ఉండాలి. ఆయనకూ భయమే. ఆయన ఉన్నాడు కదా అని నువ్వు బల్బు మానొద్దు, మీటరు మానొద్దు, జేబులో చెయ్యి తీయొద్దు. నేను మీ అందరినీ అలా చెడగొట్టాను." పిన్ని కూతురి కోటు జేబు సర్దింది. "ఇంకొక్క మాట. ఆయన పట్టుకుంటే పట్టుకోనీ. నువ్వు మాత్రం గట్టిగా పట్టుకోకు. తరవాత వదలడం చాలా కష్టం."

బావగారు అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. టీలు చల్లారిపోయాక తాగారు. మధ్యాహ్నానికి అరలోంచి మీటర్లన్నీ బయటికొచ్చాయి, కళ్ళజోడత్త చీర కొంగుతో వాటి అద్దాలు తుడిచింది. అలవాటు కొద్దీ ఎవరో అమ్మాయి, "పిన్నీ, చెయ్యుందా?" అని కేకేసింది. పిన్ని లేచి వెళ్ళలేదు. తన బల్ల దగ్గరే, కరెంటు పారుతున్న డబ్బా ముందు, ఎర్ర దీపం కింద నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తి చూపించింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

"నా చెయ్యి ఇక చెప్పదర్రా. ఎవరిది వాళ్ళే చూసుకోండి" అంది.

చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చుంది. ఈ కుర్చీలో ఇన్నేళ్ళలో మొదటిసారి ఒంటరిగా కూర్చుంది. జేబులో పిడికిలి బిగించి చూసింది. తన వేళ్ళే తనకు తగిలాయి. ఇప్పుడు పొరపాటున ఈ చెయ్యి బయటికొస్తే ఆపేవాళ్ళెవరూ లేరు. ఆ ఊహతో మీటరు కడ్డీని బోర్డు మీద పెట్టే ముందు మరోసారి అన్నీ సరిచూసుకుంది.

గది ఆ చివర పిచ్చుక మళ్ళీ తన బల్ల దగ్గర నిలబడింది. పెదనాన్న వద్దన్నా వినలేదు. బల్బును ప్లగ్గులో పెట్టి వెలిగించి చూసుకుంది. మీటరు చూసుకుంది. ఎడమ చెయ్యి జేబులో దోపుకుని, చిన్న డబ్బాకు కరెంటు పెట్టింది. ఎర్ర దీపం వెలగగానే ఆ జేబు మెల్లగా అణిగిపోయింది. పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడి, పెదవి కొరుక్కుని, పనిలోకి వంగింది. పిన్ని అటే చూస్తూ ఉండిపోయింది. పిచ్చుక ఎడమ భుజం కొంచెం పైకి లేచి ఉంది, నడక నేర్చే పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నప్పుడు లేచినట్టు.